ప్లగ్గు నంబరు ఎవరు చెప్పాలి?

మిరుగం దగ్గర పడుతోంది. నాలుగు వానలు పడితే చాలు, అటు జైనథ్, బేల, ఇచ్చోడ వైపు పత్తి విత్తనం భూమిలో పడుతుంది. ఇటు హుజూరాబాద్, చొప్పదండి, మానకొండూరు వైపు వరినార్లు పోసుకుంటారు. ఆ వెనకే, నెలల తరబడి కొట్టంలో మూలన పడి ఉన్న మందు కొట్టే పెట్రోలు పంపులు, గడ్డి కోసే మిషన్లు, వాగు నీళ్లు తోడే చిన్న ఇంజిన్లు ఒక్కటొక్కటిగా బయటికొస్తాయి. తాడు పదిసార్లు గుంజినా ఇంజిను పలక్కపోతే మన దగ్గర మొదట వినపడే మాట ఒక్కటే: ప్లగ్గు పోయింది, కొత్తది పట్రా. దుకాణంలో గాజు అలమార నిండా రకరకాల ప్లగ్గులుంటాయి. పాతదాని పక్కన పెట్టి, చుట్లు సరిపోయాయా లేదా చూసి, ఉన్నవాట్లో ఒకటి చేతిలో పెడతారు. కొన్నాళ్లు నడుస్తుంది, మళ్లీ నల్లబడుతుంది. అప్పుడు ఇంకొంచెం వేడి నంబరు వేద్దామంటారు. ఇవాళ మాట్లాడుకునేది ఈ వేడి నంబరు గురించే. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. ప్లగ్గు నంబరు చెప్పాల్సింది ఇంజిను తయారుచేసినవాళ్లు. మొన మీది మసి కాదు, బయటి ఎండ కాదు, దుకాణంలో మిగిలిన సరుకు అసలే కాదు. మసి చాలాసార్లు వేరే చోట ఉన్న లోపం వల్ల వస్తుంది. ప్లగ్గు నంబరు మారిస్తే ఆ లోపం పోదు, మన కంటికి కనపడకుండా దాక్కుంటుంది.

ప్లగ్గు రవ్వ కొడుతుందని అందరికీ తెలుసు. అది చేసే రెండో పనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంజిను లోపల మండే మంటకు ప్లగ్గు మొన ఎప్పుడూ ఎదురుగా ఉంటుంది. ఆ మొనకు తగిలిన వేడి తెల్లటి పింగాణీ గుండా, ఇనుప ఒంటి గుండా, చుట్ల మీదుగా, కింది వాషర్ మీదుగా ఇంజిను హెడ్డులోకి దిగిపోవాలి. మొన వేడి సుమారు 450 నుంచి 500 డిగ్రీలు దాటి ఉంటే దాని మీద పడిన మసి దానంతట అదే కాలిపోతుంది. అంతకంటే తక్కువైతే మసి పేరుకుంటుంది. మసి అంటే కార్బన్, అంటే కరెంటు పారే వస్తువు. రవ్వగా దూకాల్సిన కరెంటు ఆ మసి పొర మీదుగా జారి ఇనుప ఒంట్లోకి పోతుంది, రవ్వ పడదు. మొన వేడి 850, 900 డిగ్రీలు దాటిందంటే ఇంకో ప్రమాదం: ఆ మొనే నిప్పుకణికలా మారి, రవ్వ పడకముందే పెట్రోలు గాలిని అంటిస్తుంది. పిస్టన్ మీద దెబ్బ అది కిందికి దిగాల్సినప్పుడు కాకుండా, పైకి వస్తున్నప్పుడే పడుతుంది. కాబట్టి మొన ఈ రెండు హద్దుల మధ్య ఉండాలి. దాన్ని అక్కడ నిలిపేది పింగాణీ ముక్కు పొడవు. మడిలో నీళ్లు దిగే తూము దగ్గరుంటే నీళ్లు తొందరగా పోతాయి, దూరముంటే నిలబడతాయి. వేడిదీ అదే లెక్క. ముక్కు పొట్టిగా ఉంటే వేడి తొందరగా హెడ్డులోకి దిగుతుంది, దాన్ని చల్ల ప్లగ్గు అంటారు. ముక్కు పొడవుగా ఉంటే వేడి మొన దగ్గరే నిలుస్తుంది, అది వేడి ప్లగ్గు. ఒకే కంపెనీవి రెండు ప్లగ్గులు తెచ్చి చుట్లున్న వైపు నుంచి లోపలికి చూడండి. ఒకదాంట్లో పింగాణీ చుట్టూ లోతైన సందు కనిపిస్తుంది, ఇంకోదాంట్లో ఆ సందు పైపైనే మూసుకుపోయి ఉంటుంది. లోతుగా ఉన్నది వేడిది.

వేడి ప్లగ్గు అంటే వేడి రవ్వ, బలమైన రవ్వ అనుకోవడం మన షెడ్లలో బాగా పాతుకుపోయింది. రవ్వ బలం కాయిలు నుంచి, మ్యాగ్నెట్ నుంచి వస్తుంది. ప్లగ్గు నంబరుకూ దానికీ సంబంధం లేదు. నంబరు చెప్పేది మొన మీద వేడి ఎంతసేపు నిలుస్తుందన్నది మాత్రమే. మరి వేడి నంబరు వేయగానే బండి బాగైనట్టు ఎందుకు అనిపిస్తుంది? అనిపించడమే కాదు, నిజంగానే కొన్నాళ్లు బాగుంటుంది. మొన ఎక్కువ వేడెక్కి మసిని కాల్చేస్తుంది, తాడు గుంజగానే స్టార్ట్ అవుతుంది. కానీ మసి పుట్టించే కారణం అక్కడే ఉంది. ఇప్పుడది పిస్టన్ తల మీద, సైలెన్సర్ నోటి దగ్గర పేరుకుంటుంది. పత్తికి మందు కొట్టే రోజుల్లో అదే మిషను వీపు మీద గంటల తరబడి ఫుల్ రేసులో నడుస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజినులో తిరిగే ప్రతి చుట్టుకూ ఒక మంట. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు వంద మంటలు. నాలుగు స్ట్రోకులదాంట్లో అందులో సగమే. ఒకదాని వెనక ఒకటి ఇన్ని మంటలు తగిలే చోట వేడిని పట్టి ఉంచే ప్లగ్గు వేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిస్టన్ తల మధ్యలో బొక్క పడ్డ కేసుల్లో పిస్టన్‌ను తిడతారు, నూనెను తిడతారు, రెండు నెలల కింద మార్చిన ప్లగ్గు నంబరును ఎవరూ గుర్తుచేసుకోరు.

ఇక ఆ నంబర్ల గందరగోళం. పెద్ద కంపెనీలన్నీ ఒక్కటే లెక్క పెట్టుకుని ఉంటే ఇంత ప్రసంగం అవసరమే ఉండేది కాదు. ఎన్‌జీకేలో, డెన్సోలో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లబడుతుంది. ఛాంపియన్‌లో, బాష్‌లో నంబరు పెరిగితే వేడెక్కుతుంది. ఉదాహరణకు నీళ్ల పంపుల మీద, జనరేటర్ల మీద ఉండే హోండా జీఎక్స్160, జీఎక్స్200 ఇంజిన్లకు ఎన్‌జీకే వాళ్ల బీపీఆర్6ఈఎస్ సరైనది. అదే పనికి డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యూ, బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ, ఛాంపియన్‌లో ఆర్ఎన్9వైసీ. ఆరు, ఇరవై, ఏడు, తొమ్మిది: నాలుగు అంకెలకూ అర్థం ఒక్కటే. చెట్లు కోసే రంపాలకు, కొన్ని రెండు స్ట్రోకుల మిషన్లకు వచ్చే బీపీఎంఆర్7ఏకు ఛాంపియన్‌లో జోడీ ఆర్‌సీజే6వై. దానికంటే ఒక మెట్టు వేడిదైన బీఎం6ఏకు జోడీ సీజే8. ఒక కంపెనీలో ఏడు నుంచి ఆరుకు దిగడం, ఇంకో కంపెనీలో ఆరు నుంచి ఎనిమిదికి ఎక్కడం, రెండూ వేడి వైపు నడవడమే. మన పాత మెకానిక్కులకు ఇంకో చిక్కు కూడా ఉంది. 1951లో పుట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మనం మైకో అని పిలిచేది, 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. పేరు మారినా కొందరు ఏ ప్లగ్గునైనా మైకో ప్లగ్గనే అంటారు. అయితే బాష్ పాత లెక్కలో డబ్ల్యూ145, డబ్ల్యూ175, డబ్ల్యూ225 అని మూడంకెల నంబర్లుండేవి, అందులో అంకె పెరిగితే ప్లగ్గు చల్లబడేది. కొత్త లెక్కలో డబ్ల్యూ175 పోయి డబ్ల్యూ7 వచ్చింది, డబ్ల్యూ225 పోయి డబ్ల్యూ5 వచ్చింది. అంటే ఒకే కంపెనీ తన లెక్కను తానే తిరగేసింది. పాత లెక్క నోటికొచ్చినవాళ్లు కొత్త డబ్బా చూసి తడబడితే అది వాళ్ల తెలివితక్కువ కాదు. కానీ అంకె చూసి అందాజాగా ఒకటి అటూ ఇటూ వేద్దామనేవాళ్లు ఏ కంపెనీ డబ్బా చేతిలో ఉందో ముందు చూసుకోవాలి.

అంకె కంటే ప్రమాదం అక్షరం. బీపీఆర్6ఈఎస్, బీపీఆర్6హెచ్ఎస్, ఈ రెంటికీ తేడా ఒక్క అక్షరం. లావు ఒక్కటే, 14 మిల్లీమీటర్లు. వేడి నంబరూ ఒక్కటే. కానీ ఇంగ్లీషు ‘ఈ’ అక్షరమున్నదానికి చుట్ల పొడవు 19 మిల్లీమీటర్లు, హెచ్ ఉన్నదానికి 12.7. చిన్న రెండు స్ట్రోకుల మిషన్లకు వచ్చే పొట్టి ప్లగ్గుల్లో 9.5 మాత్రమే. పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది వేస్తే ఆరు మిల్లీమీటర్ల పైన లోపలికి దూసుకుపోతుంది. పిస్టన్ తగిలిందా, ఆ రోజే చప్పుడు వినిపిస్తుంది. తగలకపోయినా, మంటలోకి పొడుచుకొచ్చిన ఆ చుట్ల అంచులు ఎర్రగా కాలి ముందే అంటిస్తాయి. పొడవుది ఉండాల్సిన చోట పొట్టిది వేస్తే నష్టం మెల్లగా వస్తుంది. రవ్వ గుంతలో పడుతుంది, మంట సరిగా పాకదు, ఇంజిను లాగదు. హెడ్డులో ఖాళీగా మిగిలిన చుట్లలో మసి గట్టిపడుతుంది. ఏడాది తర్వాత తెలిసినవాడెవరో సరైన ప్లగ్గు తెచ్చి బిగించబోతే ఆ మసి దగ్గర అడ్డం పడుతుంది, పానా మీద బలం పెడితే అల్యూమినియం చుట్లు చితికిపోతాయి. దుకాణంలో పాత ప్లగ్గు పక్కన పెట్టి కొలవడం మంచి అలవాటే. కానీ ఆ పాతదాన్ని వేసింది కంపెనీవాడా, పోయినేడు ఎవరో అందాజాగా వేశారా అన్నది ఆ కొలతలో తేలదు. బిగించడంలో కూడా వేడి సంగతి ఉంది. కొత్త ప్లగ్గును చేత్తో చివరి దాకా తిప్పి, వాషర్ కూర్చున్నాక పానాతో ఇంకో అర చుట్టు తిప్పితే సరిపోతుంది. వదులుగా వదిలేస్తే వేడి హెడ్డులోకి దిగదు, సరైన నంబరు ప్లగ్గే వేడి ప్లగ్గులా ప్రవర్తిస్తుంది. ఎక్కువ బిగిస్తే చుట్లు పోతాయి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. కంపెనీవాళ్లు పుస్తకం రాసింది ఎక్కడో చల్లని దేశంలో కూర్చొని. మన జగిత్యాల, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఆదిలాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున ఐదు డిగ్రీల దాకా దిగుతుంది. ఎండాకాలం చల్ల ప్లగ్గు, చలికాలం వేడి ప్లగ్గు వేసుకోవద్దా అని. వినడానికి సబబుగానే ఉంది. లెక్క చూద్దాం. మన రెండు కాలాల మధ్య తేడా 40 డిగ్రీలు. ప్లగ్గు నంబరు ఒక మెట్టు మారిస్తే మొన దగ్గర వచ్చే తేడా సుమారు 70 నుంచి 100 డిగ్రీలు. అంటే బయటి తేడా మొత్తం మొనకు చేరినా ఒక మెట్టు నిండదు. పైగా కార్బురేటరు విషయంలో ఎండ చేసేది మనం అనుకునేదానికి రివర్సు. వేడి గాలి పలచన. ఐదు డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి బరువు ఎనిమిదో వంతు తక్కువ. కార్బురేటరుకు బరువు తూచడం తెలియదు. గాలి ఎంత పీలిస్తే దానికి తగ్గట్టు జెట్టు నుంచి పెట్రోలు ఇస్తుంది. కాబట్టి ఎండాకాలం గాలికి పెట్రోలు పాలు ఆరేడు శాతం ఎక్కువ పడుతుంది, మసి పెరుగుతుంది. చలికాలం పెట్రోలు తగ్గుతుంది, మొన తెల్లబడుతుంది. ఎండాకాలమని చల్ల ప్లగ్గు వేస్తే మసికి మసి తోడైనట్టే. చలికాలమని వేడి ప్లగ్గు వేస్తే తెల్లబడ్డ మొనను ఇంకా కాల్చినట్టే. ఆదిలాబాద్ చలికి పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే అది ప్లగ్గు వేడి సమస్య కాదు, చల్లటి పెట్రోలు ఆవిరి కాకపోవడం. దానికోసమే చోకు ఉంది. చోకు వేసి మరీ ఎక్కువసార్లు గుంజి ప్లగ్గు తడిపేస్తే, విప్పి ఆరబెట్టి, స్విచ్చు ఆపి, చోకు తీసి, ప్లగ్గు బయటే ఉంచి నాలుగుసార్లు తాడు గుంజితే లోపలి పెట్రోలు బయటికి పోతుంది. అలా గుంజేటప్పుడు దగ్గర్లో నిప్పు, బీడీ ఉండకూడదు.

ఈ కాలం లెక్కకు ఇప్పుడు ఇంకొకటి కలిసింది. బంకులో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఒట్టి పెట్రోలు పాలు ఒకటైతే పూర్తిగా మండడానికి బరువులో పద్నాలుగున్నర పాళ్లకు పైగా గాలి కావాలి, ఈ కలిపిన పెట్రోలుకు పదమూడున్నర చాలు. ఇంజెక్షన్ బండ్లలో పొగ గొట్టంలోని సెన్సరు చూసి కంప్యూటరు సర్దుకుంటుంది. కార్బురేటరు జెట్టుకు ఒకే బొక్క, అది సర్దుకోదు. కాబట్టి పాత కార్బురేటరు ఇంజిన్లకు ఇప్పుడు పెట్రోలు ఏడెనిమిది శాతం తక్కువ పడుతున్నట్టు లెక్క. ఎండాకాలం ఇదీ అదీ ఒకదానికొకటి సరిపోతాయి. చలికాలం రెండూ ఒకే వైపు లాగుతాయి, మొన సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి ప్లగ్గు వేడెక్కిపోతోంది, రెండు మెట్లు చల్లది వేద్దామంటే పొద్దున స్టార్టింగ్ ఇంకా మొరాయిస్తుంది. సర్దాల్సింది కార్బురేటరు స్క్రూ, జెట్టు. ప్లగ్గు రంగు చూసి రోగం చెప్పే పటాలు షెడ్డు గోడల మీద ఇంకా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు సీసం కలిపిన పెట్రోలు రోజుల నాటివి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అప్పటి బిస్కెట్ రంగు ఇప్పుడు అంత ముదురుగా రాదు. లేతగా ఉందని కంగారు పడనక్కర్లేదు.

ఇంతకూ మసి ఎక్కడి నుంచి వస్తోంది? మన జిల్లాల్లో నేను మొదట అనుమానించేది నూనెను. రెండు స్ట్రోకుల మిషను పుస్తకంలో లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ నూనె అని ఉంటే యాభైకి ఒకటి, 40 అని ఉంటే ఇరవై ఐదుకు ఒకటి. రెండూ నిజమే, మిషనును బట్టి మారుతుంది. కానీ పొలం గట్టు మీద కొలత ఉండదు. సీసా మూతతో రెండు మూతలు, ఇంజిను పట్టుకుపోకుండా ఇంకో మూత. ఆ మూడో మూత ప్లగ్గు మీద తడిగా, నల్లగా తేలుతుంది. దీనికంటే విచిత్రం ఇంకోటి. వీపు మీద మోసే పంపుల మీద, గడ్డి మిషన్ల మీద ఈమధ్య నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజిన్లు వచ్చాయి. హోండా జీఎక్స్25 అలాంటిదే. పాతిక సీసీ ఇంజిను, అడుగున వేరుగా 80 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిలు పోయాలి, ట్యాంకులో ఒట్టి పెట్రోలే పోయాలి. దానికి వచ్చే సీఎంఆర్5హెచ్ ప్లగ్గు సన్నటిది, చుట్ల లావు 10 మిల్లీమీటర్లే. పక్కింటివాళ్ల రెండు స్ట్రోకుల పంపుకు కలిపిన డబ్బాలోంచే దీనికీ పోస్తే మసి పట్టక ఏం చేస్తుంది? రివర్సులో జరిగితే, అంటే ఒట్టి పెట్రోలు రెండు స్ట్రోకులదాంట్లో పోస్తే, మసి కూడా పట్టదు, బోరే పట్టుకుపోతుంది. రెండో అనుమానం గాలి ఫిల్టరు. పత్తి చేలలో దూది పీచు, కరీంనగర్ చుట్టూ గ్రానైటు క్వారీల దుమ్ము, గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు పొడి. ఫిల్టరు స్పాంజి మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. దాన్ని సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నాలుగు చుక్కల నూనె పిండితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ప్లగ్గు మసి తగ్గొచ్చు. మూడోది, మూలన పడి ఉన్నప్పుడు కార్బురేటరులో ఎండిపోయిన పెట్రోలు జిగురు. సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపితే ఆ జిగురు పట్టదు. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి ఇప్పుడిది మరీ అవసరం.

ప్లగ్గు బాగుందో లేదో చూసే పద్ధతి గురించి రెండు మాటలు. విప్పి, క్యాపు తగిలించి, ఒంటిని హెడ్డుకు ఆనించి గుంజుతారు. నీలం రవ్వ కనిపిస్తే ప్లగ్గు మంచిదే అంటారు. బయట గాలి ఒత్తిడి ఒక్కపాలు. లోపల పిస్టన్ నొక్కినప్పుడు అది ఎన్నో రెట్లు. ఒత్తిడి పెరిగినకొద్దీ అదే సందు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బయట హాయిగా దూకిన రవ్వ లోపల దూకకపోవచ్చు. కాబట్టి రవ్వ కనిపించకపోతే లోపం ఉన్నట్టు చెప్పొచ్చు గానీ, కనిపిస్తే లోపం లేనట్టు చెప్పలేం. సందు కూడా అందుకే ముఖ్యం. జీఎక్స్ ఇంజిన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, చిన్న రెండు స్ట్రోకుల వాటికి చాలావరకు 0.5 నుంచి 0.7. అరిగిన ప్లగ్గులో సందు పెరుగుతుంది, నడిమి కడ్డీ అంచులు గుండ్రంగా అరుగుతాయి. రవ్వ పదునైన అంచు నుంచి సులువుగా దూకుతుంది, గుండ్రని అంచు నుంచి దూకడానికి మొండికేస్తుంది. తాడు గుంజినప్పుడు మ్యాగ్నెట్ తిరిగేది నెమ్మదిగా, పుట్టే కరెంటూ తక్కువే, కాబట్టి ఆ తేడా స్టార్టింగులోనే బయటపడుతుంది. ఇనుప బ్రష్షుతో పింగాణీని రుద్దితే ఇనుప గీతలు పడి అవే కరెంటుకు దారి అవుతాయి. ఎమరీ కాగితం గరుకు పొడి సందులో ఇరుక్కుని బోరులోకి దిగుతుంది. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, సందు సరిచేస్తే సరిపోయేది మళ్లీ వాడొచ్చు. సరిపోనిదాన్ని పారేయడమే మేలు.

అనుభవం ఉన్న మెకానిక్కులు దీనికి చెప్పే జవాబు నాకు తెలుసు: వేల ఇంజిన్లు విప్పిన చెయ్యి ఇది, పుస్తకం నాకు పాఠం చెప్పేదేంటి అని. ఆ చేతి అనుభవాన్ని తక్కువ చేయలేం. చప్పుడు విని రోగం పట్టేవాళ్లు మన మండల కేంద్రాల్లో ఇప్పటికీ ఉన్నారు. కానీ వాళ్లు చూసేది ఎక్కువగా స్టార్ట్ కాని బండిని. వేడి ప్లగ్గు వేసినాక స్టార్టయి వెళ్లిపోయిన బండి, రెండు నెలల తర్వాత పిస్టన్ కాలి వేరే ఊళ్లో వేరే షెడ్డుకు చేరితే, మొదటి షెడ్డులో అది బాగుపడ్డ కేసుగానే లెక్కలో ఉంటుంది. అనుభవంలో పడే చిల్లు ఇది, మనిషిలో లోపం కాదు. ఇంకో వాదన ధరది: ప్లగ్గు చవక వస్తువు, నెలకోటి మార్చినా నష్టమేంటి? నష్టం ప్లగ్గు ధర కాదు. నెలనెలా ప్లగ్గు అడిగే ఇంజిను నెలనెలా పెట్రోలు ఎక్కువ తాగుతూ ఉంటుంది, పత్తికి రసం పీల్చే పురుగు పట్టిన పొద్దున మొండికేస్తుంది. పైగా చవకగా దొరికే ప్లగ్గుల్లో నకిలీవి కలిసే అవకాశం ఎక్కువ. అక్షరాలు గోటితో గీకితే పోవడం, వాషర్ వదులుగా ఊడిపోవడం, నడిమి కడ్డీ మధ్యలో లేకుండా పక్కకు ఒరగడం, ఇవి చూసుకోవాలి.

ఖరీదైన ఇరీడియం ప్లగ్గు వేస్తే అన్నీ తీరిపోతాయన్న నమ్మకం కూడా ఇప్పుడు పట్నం నుంచి పల్లెకు వస్తోంది. ఇరీడియం 2,400 డిగ్రీలు దాటితేనే కరుగుతుంది, మామూలు ప్లగ్గు కడ్డీలోని నికెల్ 1,455కే కరుగుతుంది. అందుకే ఇరీడియం కడ్డీని సగం మిల్లీమీటరంత సన్నగా చేయొచ్చు, అంత సన్నని మొన నుంచి రవ్వ తక్కువ వోల్టేజీకే దూకుతుంది, అరుగుదల కూడా తక్కువ. రోజూ నడిచే బైకుకు అది మంచి బేరమే కావచ్చు. మూడో మూత నూనె తాగే పంపులో మాత్రం ఇరీడియానికీ నికెల్‌కూ మసి దగ్గర పక్షపాతం లేదు, రెండూ ఒకేలా తడుస్తాయి. వేడి నంబరు తప్పితే ఇరీడియం పిస్టన్‌ను కాపాడదు. పేరులో ఆర్ ఉన్న ప్లగ్గులను మాత్రం ఆర్ లేనివాటితో మార్చకండి. ఆ ఆర్ లోపలున్న రెసిస్టరుకు గుర్తు, సుమారు ఐదు వేల ఓములు. అది లేకపోతే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ తికమక పడొచ్చు. అంతేకాదు, మీ ఇంటి ముందు నుంచి ఆ బండి పోయినప్పుడల్లా మీడియం వేవ్ రేడియో గరగరమంటుంది; రేడియోలో మాట్లాడేవాళ్లం కదా, మా స్వార్థం కొంత ఉందనుకోండి.

ఈ ఇంజిన్లే పోతున్నాయి కదా, ఇప్పుడీ చర్చ ఎందుకని అడగొచ్చు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నియమాలు వచ్చాక మోటార్ సైకిళ్లు చాలావరకు ఇంజెక్షనుకు మారాయి, ఊరూరా మూటలు మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా మారింది. బ్యాటరీ పంపులు చేలల్లోకి వచ్చాయి. నిజమే. కానీ దానికి ముందు అమ్ముడైన ఎక్సెళ్లు మన బాటల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, గడ్డి మిషన్లు, నీళ్ల ఇంజిన్లు, చిన్న జనరేటర్లు నేటికీ కార్బురేటరుతోనే అమ్ముతున్నారు. పాతబడేకొద్దీ వాటి పుస్తకాలు చినిగిపోతాయి, ట్యాంకు మీది స్టిక్కరు చెరిగిపోతుంది, నంబరు చెప్పేవాళ్లు తగ్గుతారు. పుస్తకం పోయినవాళ్లు ఇంజిను మీద చెక్కిన మోడల్ నంబరు ఫోన్లో ఫొటో తీసి పెద్ద దుకాణంలో ప్లగ్గుల క్యాటలాగు అడగాలి. ఏ కంపెనీ ప్లగ్గున్నా దానికి జోడీ నంబరు అందులో ఉంటుంది.

పుస్తకం నంబరు ఎప్పుడూ కదపకూడదా అంటే, కదపొచ్చు, ఒక్క మెట్టు, పని నిజంగా మారినప్పుడు. పాత రెండు స్ట్రోకుల ఎక్సెల్ రోజంతా ఊళ్లోనే కిలోమీటరు, అర కిలోమీటరు నడిచి ఆగుతుంటే ఇంజిను సరిగా వేడెక్కనే వేడెక్కదు. నూనె కొలత సరిగా ఉండి, ఫిల్టరు శుభ్రంగా ఉండి, అప్పటికీ మసి పడుతుంటే ఒక మెట్టు వేడిది సబబే. యాసంగిలో వాగు పక్కన పొద్దంతా ఆగకుండా నీళ్లు తోడే ఇంజినుకు ఒక మెట్టు చల్లది సబబు. ఏది వేసినా పరీక్ష చేయకుండా వదలొద్దు. అది చేసే పద్ధతి ఇది. మిషనును దాని అసలు పనిలో, అసలు బరువు మీద కాసేపు నడిపి, రేసు తగ్గించకుండానే స్విచ్చుతో ఆపాలి. ఖాళీగా నడిపి చూస్తే ఏ ప్లగ్గైనా నల్లగానే కనిపిస్తుంది. హెడ్డు మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక విప్పి, పింగాణీని ఎండలో తిప్పి చూడాలి. లేత బిస్కెట్ రంగు గానీ లేత బూడిద రంగు గానీ ఉంటే ఆ నంబరే ఉంచండి. పొడి మసి ఉంటే నంబరు సంగతి తర్వాత, మళ్లీ ఫిల్టరు దగ్గరికే వెళ్లాలి. పింగాణీ తెల్లగా పొక్కులెక్కి, దాని మీద సన్నటి మెరిసే చుక్కలు అంటుకుని ఉంటే అవి పిస్టన్ తల నుంచి కరిగి ఎగిరిన అల్యూమినియం. అక్కడితో మిషను ఆపేసి, పాత నంబరు ప్లగ్గు తిరిగి వేసి, తాడు మళ్లీ గుంజేముందు హెడ్డు విప్పించి చూసుకోవాలి.